చివరి గడపకు మిగిలిన మొగం

రెండువేల ఇరవై మూడు. కళ్యాణదుర్గం పక్క మా ఊర్లో శెనక్కాయ విత్తి మబ్బుల దిక్కు చూస్తావున్న రోజులు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాత వంకరగా ఉంటే సర్దుకోండి.

మాది కుండలు చేసే ఇల్లు. కుండల చక్రాన్ని సారె అంటాము. దాని మీద మొగోళ్లే కూర్చునేది. ఆడోళ్లం మట్టి తొక్కాల, పొయ్యిలూ ఎద్దుల బొమ్మలూ చేత్తో చేయాల. స్టీలు బిందెలు వచ్చి సారె మూలన పడినాది. చేతిపని నిలబడినాది. అట్ల నేను బొమ్మలదాన్నయితి. కాల్చిన బొమ్మను టవున్లో టెర్రకోట అంటారు. నేను చేసేవి ఎక్కువ పచ్చిబొమ్మలు, అంటే కాల్చనివి. మొక్కినాక నీళ్లలో కరగడానికే అవి. కరిగేదానికి అంత నునుపెందుకని మా ఆయన అడిగేవాడు. చూసేంతసేపన్నా బాగుండాల గదా అనేదాన్ని.

వాన రాకపోతే మా ఊర్లో వానరాయుణ్ణి చేస్తారు. మూరెడు పచ్చిబొమ్మ. పలక మీద పెట్టి నెత్తిన మోసుకోని పోతే గడప గడపకూ ఒక చెంబు నీళ్లు పోస్తారు. చివరి గడపలో పూర్తిగా కరిగిపోవాల.

ఆ చివరి గడప లక్ష్మిదేవిది. మొగుడు బెంగళూర్లో కట్టడాల పనికి పోతే సేద్యం తానే చేసుకుంటాది. ముందు సంవత్సరం జనం చెంబు బదులు బిందెలు గుమ్మరించినారు. వానరాయుడు ఆమె ఇంటికి రాకముందే మురిక్కాలవ పాలయినాడు. "దీని మొగం చూడలేక కరిగిపాయ" అని కొళాయి కాడ ఆడోళ్లు నవ్వినారు. ఆ మాట ఏడాదంతా నడిచినాది.

ఈసారి లక్ష్మిదేవి నా దగ్గరికి అరమూట సిమెంటు ఎత్తుకోని వచ్చినాది.

"అవ్వా, ఇది రవంత కలుపు. నా గడప దాకా వస్తే చాలు."

"సిమెంటు దేవునికి నీళ్లు పోస్తే ఏమయితాదే? ఇంకా గట్టిపడతాడు. తీసుకపో."

"నవ్వులాట కాదవ్వా. ఈసారీ దేవుడు నా గడపకు రాకపోతే భూమి కౌలుకిచ్చి నేనూ బెంగళూరు పోతా. వీళ్ల మాటలు పడి ఈడ ఉండలేను."

చూస్తాలే అని పంపిస్తి గానీ ఏం చేయాల్నో తెలీదు. బొమ్మను లావు చేస్తే మోసేవాడు మోయలేడు. మట్టికని వంకకు, అంటే వాగుకు పోతి. ఆడ గట్టు మీది పాత పుట్ట సగం విరిగి పడిండాది. పైమట్టంతా ఎప్పటిదో వానకు జారిపోయి, లోపల చెదలు కట్టిన అరలు బయటపడినాయి. రెండు గుంతలూ నడుమ ఒక ముక్కూ మాదిరి. ఆడే కూర్చుండిపోతి. ఎన్నో ఏండ్లుగా ఆ దోవన పోతాండా. వాన పైమట్టిని తీసి లోపలిది చూపిస్తాదని అప్పుడే తోచినాది.

పుట్టను తవ్వకూడదు. రాలిన పెళ్లలే గంపకెత్తుకొంటి.

ఎండిన మట్టి నీళ్లు తగలగానే విచ్చుకుంటాది. బాగా పిసికి, తడి ఆరనీకుండా పెట్టిన గట్టిమట్టి అంత సులభంగా కరగదు. అందుకని ముందు పుట్టమట్టితో పిడికిలంత మొగం చేసి తడిగోనెలో పెట్టినాను. దానికి బూడిద అద్ది, పైన చెరువు మట్టితో వానరాయుణ్ణి కట్టినాను. బూడిద ఉంటే పైమట్టి లోపలిదానికి అంటుకోదు. లోపలి తడి ఆరకుండా పైబొమ్మను పైపైనే ఎండబెట్టినాను. ఎవరికీ చెప్పలేదు, పలక మోసే ఓబులేసుకు కూడా.

ఊరేగించిన పొద్దు సగం వీధికే బొమ్మ చేతులు కరిగిపోయినాయి. పాలకేంద్రం దాటేసరికి తల జారినాది. ఓబులేసు మెడ మీద బురద కారుతాండాది.

"ఏం పెద్దమ్మా, వానరాయుణ్ణి మోస్తాండానా, రాగిసంగటి ముద్దనా?"

"సంగటైతే ఇంతసేపు మోసేవాడివా, ఎప్పుడో తినేసిందువు."

అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. లోపలి మొగం ముందే బయటపడితే అదీ కరిగిపోతాది.

లక్ష్మిదేవి పక్కింటి రంగమ్మ బిందె ఎత్తినాది. "మే రంగమ్మా, చెంబు చాలు. ఆ నీళ్లు ఎనుముకు పెట్టు" అని గట్టిగానే అంటి. మొగం మాడ్చుకోని చెంబు తెచ్చినాది.

లక్ష్మిదేవి గడపలో నిలబడుండాది. పలక మీద వట్టి మట్టిగడ్డ. అది చూసి ఆమె మొగం తిప్పుకోని చెంబు వంచితే నీళ్లు పక్కకు పడినాయి.

"నేరుగా పోయమ్మే" అంటి.

పోసినాది. పెళ్ల జారి, బూడిద నీళ్ల వెంట మొగం బయటికొచ్చినాది. కండ్లు, ముక్కు, చిన్న నోరు. సరిగ్గా ఆమె దిక్కే తిరిగిండాది.

రంగమ్మే ముందు నోరు తెరిచినాది. "ఓయమ్మా, ఈడికొచ్చి కండ్లు తెరిచినాడే."

లక్ష్మిదేవి ఆ మొగం కూడా మెత్తబడి పలక మీద పారేదాకా చెంబు మీద చెంబు పోసినాది. పోసినాక ఇంట్లోకి పోయి ఓబులేసుకు తువ్వాల తెచ్చి, "మెడ తుడుచుకోన్నా, కాఫీ తాగిపో" అనె.

వాన ఆ వారం రాలేదు. తర్వాత వచ్చినాది, చాలీచాలకుండా. లక్ష్మిదేవి బెంగళూరు పోలేదు. ఆ సిమెంటుతో గడప ముందర అరుగు కట్టించుకున్నాది.

ముందంతా బొమ్మను చూసేవాళ్ల కోసరం పైనుంచి దిద్దేదాన్ని. ఇప్పుడు, చివర్న ఎవరి ముందర ఏం మిగలాల్నో అనుకోని లోపలి నుంచి మొదలుపెడతాను. ఆ పొద్దు పలక మీది బురదను గీకి గంపలో వేసుకోని ఇంటికి తెచ్చుకొంటి. పారేయడానికి నాకు మనసొప్పదు. మరుసటేడు ఎద్దుల బొమ్మలు దాంతోనే చేసినాను.