పులివెందుల బస్సు దగ్గర ఓబన్న

తెల్లవారితే ప్రొద్దుటూరు బస్టాండులో, చంకన గొడుగుతో, పులివెందుల బస్సు కిటికీల్లోకి తొంగిచూస్తూ తిరిగే పొట్టి మనిషి కాలేజీ హాస్టలు సూపరింటెండెంటు ఓబన్న. చదువు విడిచి పారిపోయే పేదపిల్లలను దించి వెనక్కి తీసుకుపోవడం ఆంధ్ర రాష్ట్రం వచ్చిన నాటి నుంచీ ఆయన అలవాటు. ఆ రోజు ట్రంకుపెట్టె ఒళ్లో పెట్టుకుని వెంకటేశు కనబడ్డాడు. గొర్రెలు కాచే నాగులమ్మ కొడుకు.

"ఏంది, యాడికి పోతాండావు?"

"ఇంటికి సార్. గొర్రెల కంపు కొడతాండావని లెక్కల సారు నన్ను వరండాలో కూసోబెడతాండాడు."

ఓబన్నకు పోయినేటి సంగతి గుర్తొచ్చింది. జమ్మలమడుగు తోళ్ల పనివాని కొడుకు ఉస్మాన్‌ను తోళ్ల కంపని ఇట్లాగే తరిమారు. ఆ పిల్లవాడు మళ్లీ రాలేదు. ఓబన్న పెట్టెను తానే భుజానికెత్తుకుని వెంకటేశును తిన్నగా తరగతికి నడిపించాడు. వాళ్లను చూడగానే లెక్కల లెక్చరరు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"మొన్న హాస్టలు విందులో పొట్టేలు కూర మళ్లీ మళ్లీ పెట్టించుకుంటిరే సామీ. అప్పుడీ ముక్కు యాడ పెట్టినారు?" అన్నాడు ఓబన్న.

తరగతి గొల్లున నవ్వింది. లెక్చరరు కండువా దించాడు. వెంకటేశు మాత్రం నవ్వకుండా పోయి ముందు బెంచీ చివర ముడుచుకుని కూర్చున్నాడు. పక్కవాడు నవ్వుతూనే అవతలికి జరిగాడు. అది చూసి ఓబన్న బయటికొచ్చి, తన హాస్యమే నోట్లో చేదయినట్టు, కొళాయి కింద నోరు పుక్కిలించి ఉమ్మాడు.