అన్నం మానేసిన ఏడాది

రెండో కాన్పు తర్వాత ఆబిడ్స్‌లోని చీరల దుకాణంలో మళ్లీ పనికి వెళ్లాను. అంతకుముందు కొత్త చీర ఏదొచ్చినా భుజాన వేసుకుని కస్టమర్లకు చూపించేది నేనే. వారం తిరగకుండానే సేఠ్ పిలిచాడు.

"నీ మీదేస్తే చీర అందం పోతున్నదమ్మా. జర తగ్గు. అప్పటిదాంక లోపల ఫాల్స్ కుట్టేకాడ కూసో."

తలూపి లోపలికి వెళ్లాను. అలా తలూపినందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అన్నం మానేశాను. పొద్దున ఒక జొన్నరొట్టె, రాత్రికి కీరా ముక్కలు. పిల్లలకు పప్పు కలిపి ముద్దలు పెట్టాక వేళ్లకంటిన మెతుకులు కూడా కడిగేసుకునేదాన్ని. ఒక ఆదివారం మొజంజాహీ మార్కెట్‌లో మా ఆయన, పిల్లలు సీతాఫలం ఐస్‌క్రీమ్ తింటుంటే పక్కన నిలబడి చూశాను. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. జుట్టు కుచ్చులుగా ఊడింది. సేఠ్ మళ్లీ ముందు కౌంటర్‌కు పిలిచాడు. మా అత్త కూడా, "గిప్పుడు మంచిగున్నవ్," అంది. పెళ్లయ్యాక ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

పెళ్లిళ్ల సీజన్‌లో ఒక మధ్యాహ్నం చీర చూపిస్తూ చూపిస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. తోటి పనామె తన డబ్బా నా ముందు పెట్టింది. మామిడికాయ పప్పు, అన్నం. ఆమెకు ఒక్క ముద్దయినా మిగల్చకుండా తినేశాను. ఆ తర్వాత ఆకలి నా మాట వినలేదు. ఇంటికి వెళ్లగానే చెప్పులు విప్పకుండానే గిన్నె మూత తీసేదాన్ని. ఏడాది తిరిగేసరికి పోయిన బరువంతా వచ్చింది, మరో ఆరు కిలోలు వెంటబెట్టుకుని.

నాంపల్లిలోని ఒక దవాఖానలో డాక్టరమ్మ అంది: "కడుపు మాడ్చుకుంటే కరువొచ్చిందనుకుంటది ఒళ్లు. మళ్ల తిండి దొరికితే దాచుకుంటది. నీ తప్పేం లేదమ్మా."

ఆ మాటే సేఠ్‌కు చెప్పాను.

"బహానాలెందుకమ్మా? నోరు కట్టేసుకోవాలె," అన్నాడు.

మళ్లీ ఫాల్స్ కుట్టే గదికే పంపాడు. నా చోట ఇరవయ్యేళ్ల అమ్మాయిని పెట్టాడు. ఆమెకు చీర మడతలు నేర్పింది నేనే. ఆ పిల్ల మధ్యాహ్నాలు రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుంటుంటే చూడలేక, నా డబ్బా ముందుకు జరిపాను.

"జరంత తిను బిడ్డా."

"వద్దక్కా," అని నవ్వింది. "తింటే మీ లెక్క అయిత."