నూరు గుర్రాల సినిమా

నేనొక సినిమా తీశాను. బొమ్మల సినిమా, రాజకుమారి కథ. నూటికి పైగా బొమ్మలు, రాజుగారి కోట, కోట పక్కన కృష్ణానది, ఆ నదిలో అలలు. రెండేళ్ల కష్టం. దర్శకత్వం నాదే, కళ నాదే, ఛాయాగ్రహణమూ నాదే. నరసరావుపేట బస్టాండు దగ్గర టీకొట్టులో ఈ మాట చెబితే ముగ్గురు లేచి నిలబడ్డారు.

ఇద్దరే లేచారు. అందులో ఒకాయన బస్సొచ్చిందని లేచాడు.

ఉన్నదున్నట్టు చెబుతాను. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. నా స్టూడియో మా వంటింటి వెనక వసారా. కోట రెండు అట్టపెట్టెలు. కృష్ణానది మా ఆవిడ నీలం చీర, దాని మీద గాజుపలక. కెమెరా నా ఫోను, నూనెడబ్బాకి పురికొసతో కట్టినది. బొమ్మని కాస్త జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫొటో. అలా పన్నెండు తీస్తే ఒక్క సెకను కదులుతుంది. పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా నడుం వంచి పనిచేస్తే రాజకుమారి తల ఇటు తిప్పేది. రెండేళ్లూ కాదు. కార్తీకంలో మొదలుపెట్టి శ్రావణంలో మానేశాను.

కథ కూడా నాది కాదు, మా అక్కది. నాకంటే పదేళ్లు పెద్దది, రెంటచింతలలో కొడుకు దగ్గర ఉంటుంది. నా చిన్నప్పుడు మిరపకాయలకి తొడిమలు తీస్తూ ఈ కథ చెప్పేది. ఎండకి తట్టుకోలేక ఒక రాజకుమారి నీడ ఆమెని వదిలేసి పారిపోతుంది. నీడ లేని పిల్లని ఎవరూ నమ్మరు, ఎవరూ పలకరించరు. ఆమె తెల్లగుర్రమెక్కి వెతుక్కుంటూ కృష్ణ ఒడ్డుకి పోతుంది. నీడ నీళ్ల అడుగున చల్లగా పడుకుని ఉంటుంది, రానంటుంది. అప్పుడు గుర్రం తన నీడని ఆమెకిచ్చేస్తుంది. ఆ రోజు నుంచి రాజకుమారి నడుస్తుంటే నేలమీద గుర్రం నీడ నడిచేది. నేను చాలాకాలం అక్క వెనకే నడుస్తూ ఆవిడ నీడకి తోకుందేమోనని చూసేవాణ్ణి.

ఆ అక్కకి కళ్లలో నీటికాసులని ఆలస్యంగా తేలింది. అప్పటికే కుడికన్ను పోయింది. ఎడమకంటికి నట్టనడుమ గొట్టంలోంచి చూసినంత మిగిలింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది చుక్కలమందుతో ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేననీ అన్నాడు డాక్టరు. ఆ గొట్టం మూసుకుపోయేలోగా ఆవిడ కథని ఆవిడకి చూపించాలి. అందుకే ఈ వయసులో దర్శకుణ్ణయ్యాను. మొదలుపెట్టిన రోజే ఫోన్ చేశాను.

"అక్కా, నీ రాజకుమారి కథ సినిమా తీస్తన్నా."

అక్క మెల్లిగా అడిగింది. "గుర్రం ఉందిరా అందులో?"

అక్కకి ఫోన్లో మీటలు కనపడవు కాబట్టి ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది. అది ఆదివారం. చర్చి నుంచి వచ్చిన చుట్టుపక్కల ఆడవాళ్లు ఆవిడ అరుగు మీదే కూర్చున్నారు. అందరూ వింటున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

"గుర్రమేందక్కా, వంద గుర్రాలు పెడుతున్నా!"

"వందా! మీ తమ్ముడు చానా గట్టోడే పెద్దమ్మా," అందొక గొంతు. ఆ ఒక్క మాటకి నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. అదే కొంప ముంచింది.

పల్నాడులో పుట్టినవాడెవడైనా నల్లరేగడితో బొమ్మలు చేస్తాడా? వేసవి వస్తే మా చేలల్లో కాలు దిగేంత బీటలు పడతాయి. అయినా సరే, మన కథకి మన మన్నే ఉండాలని టీకొట్టులో ఉపన్యాసం ఇచ్చేశాను. ఇక బజారు మన్ను కొంటే పరువేం కావాలి? బొమ్మ లోపల ఇనపతీగ, పైన రేగడి. రేగడి ఆరి కుంచించుకుంటుంది, తీగ కుంచించుకోదు. దాంతో మోకాళ్ల దగ్గర, మెడ దగ్గర పగుళ్లు. ఫ్యాను వేస్తే ఇంకా తొందరగా ఆరుతుందని దోమలతో కుట్టించుకుంటూ పనిచేశాను. చిలకలూరిపేట జిన్నింగు మిల్లు నుంచి దూది తెచ్చి మన్నులో కలిపాను. గుర్రానికి గడ్డం మొలిచింది. గుర్రం తెల్లగా ఉండాలని పొద్దున్నే సున్నం పూస్తే మధ్యాహ్నానికి రాలిపోయేది. ముట్టుకుంటే చేతికంటేది. ఇంట్లో తలుపులన్నిటి మీదా నా వేలిముద్రలే.

రాజకుమారి కూడా రోజురోజుకీ సన్నబడింది. నీడ పోయిన దిగులుతో చిక్కిపోయినట్టు చూపించానని, అది దర్శకుడి ప్రతిభ అని టీకొట్టులో చెప్పాను. ఆ ప్రతిభంతా రేగడిది.

"ఏందయ్యా ఇది, నా చపాతీపీట మీద గుర్రం కాళ్లేంది?" అని అరిచేది మా ఆవిడ.

"ముట్టుకోబాక. ఆరుతున్నయ్."

"ఆరటంలా, ఇరుగుతున్నయ్. ఒక్కదాన్ని నిలబెట్టటానికే నీ పనైపోయింది, వందంట వంద! ఆ ఒక్కదాన్నే చూపించి రారాదా వదినకి?"

"నీకు తెలవదు, ఊరుకో."

శివరాత్రి వెళ్లిన వారానికి మేనల్లుడు అక్కని కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. చీటీ రాయించుకు వస్తానని ఆవిడని మా ఇంట్లో కూర్చోబెట్టి వెళ్లాడు. మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందో చూసుకోవడానికి కోడిపెట్టలా తల అటూ ఇటూ తిప్పింది. కనపడ్డాక నవ్వింది.

"ఏదిరా నీ సినిమా?"

"ఇంకా కాలేదక్కా."

"అయినకాడికి చూపించరా. కంటికి దగ్గరగా పెట్టుకుంటే కనపడుద్ది."

"గుర్రాలు రానీ. వంద గుర్రాలు ఒక్కసారి ఉరికితే చూడాల నువ్వు!"

"సరేలే, నీ ఇష్టం," అని నీళ్లు తాగింది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా ఇక్కడిదాకా వచ్చి, రేగడి దెబ్బతీసిందనీ, ఎండ దెబ్బతీసిందనీ, అందుకే సినిమా ఆలస్యమైందనీ చెబుతాను. విన్నవాళ్లు అయ్యో పాపం అంటారు. సినిమా ఆలస్యం కాలేదు. అప్పటికే అయిపోయింది. నాలుగు నిమిషాల సినిమా, ఒక గుర్రంతో, మొదలూ చివరా కలిసి, ఆ రోజు నా చొక్కాజేబులో ఉంది. అక్కకీ ఆ జేబుకీ మధ్య రెండు కుర్చీల దూరం. ఒక్క గుర్రాన్ని చూపించడానికి మొహం చెల్లలేదు నాకు. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడ నన్నొక చూపు చూసింది.

వేసవంతా గుర్రాలే చేశాను. పంతొమ్మిదింటిని చేశాను. ఒకేసారి మూడుకి మించి నిలబడలేదు. నాలుగోదాన్ని నిలబెడుతుంటే మొదటిది మోకాళ్ల మీద కూలేది. రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టి మూడింటినే ముప్పైగా చూపిద్దామనుకున్నాను. ఫొటో తీస్తే గుర్రాల మధ్య నా బట్టతలలు వరసగా వచ్చాయి. వాటిని చూసి ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఆషాఢంలో మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, అమ్మ నిద్ర లేచి ఇంకా తెల్లారలేదేందిరా అని అడిగింది. అప్పటికి వాకిట్లో ఎండ నిండా ఉంది."

ఆసుపత్రికి తీసుకెళ్లారు. చేసేదేం లేదన్నారు.

శ్రావణంలో బస్సెక్కాను. మిఠాయి డబ్బాలో దూది పరిచి, సినిమాలో నటించిన గుర్రాన్ని పడుకోబెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. నకరికల్లు దాటేదాకా వంద గుర్రాల్ని ఎలా వర్ణించాలా అని ఆలోచించాను. ఆవిడకిక కనపడదు కదా, వంద కాకపోతే రెండొందలు చెప్పొచ్చు. అంత నీచానికి కూడా దిగాను.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టి సినిమా వేశాను. అందులో డెక్కల చప్పుడు కోసం కొబ్బరిచిప్పలు కొట్టిందీ నేనే. ఆవిడ కళ్లు తెరిచి నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ వింది.

"ఒక్కదాని చప్పుడే వస్తందేందిరా?"

"మిగతావి వెనకాల..." అని మొదలుపెట్టాను. "ఒకటేనక్కా. ఒక్కటే చేయగలిగా."

"నేను చెప్పిన కథలో ఒకటే కదరా ఉంది."

నిజమే. అరవై ఏళ్ల నుంచి ఒకటే ఉంది.

"మరైతే ఎప్పుడైంది ఇది?"

"శివరాత్రికి ముందే."

ఆవిడ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టినట్టుంది. మాఘం దగ్గర మొదలైన బొటనవేలు కొన్ని కణుపులు జరిగి ఆగింది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. కొంగు సర్దుకుని చెయ్యి చాచింది.

"గుర్రాన్నన్నా తెచ్చావా?"

డబ్బా తెరిచి చేతిలో పెట్టాను. చెవులు తడిమింది, మెడ తడిమింది, దూది గడ్డం దగ్గర కాసేపు ఆగింది. మోకాలి పగుళ్లో గోరు పెట్టి చూసింది.

"తెల్లదేగా?"

సినిమా అయిపోయాక ఆ గుర్రానికి సున్నం పూసినవాడు లేడు. ఉన్నదంతా ఎప్పుడో రాలిపోయి, మా చేలో మట్టి రంగులోనే ఉంది.

"పాలలాగా ఉందక్కా," అన్నాను.

అక్క గుర్రాన్ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రుద్దుకుంది. ఇంకోసారి రుద్దుకుంది. సున్నమైతే చేతికంటాలి. తర్వాత మా ఆవిడ ఎట్లా ఉందని అడిగింది.