అతుకు నిలవని వేసవి

మా ఆయనకి పక్షవాతం వచ్చి అప్పటికి మూడు నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయి, రోజుకి నాలుగైదు పదాలు మాత్రం వచ్చేవి. నేను అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సెలవు పెట్టేశాను. హైవేని నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు రోడ్డు దుమ్ము గురించి చెప్పి, తర్వాత నా చేతులు పట్టుకుని ఏడ్చేవారు. నాకు ఏడుపు వచ్చేది కాదు. వాళ్లకి టీ ఇచ్చి, గ్లాసులు కడిగి బోర్లించేదాన్ని.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే డాక్టరు ఒకరోజు, పెరట్లో ఇనప స్తంభాలు పాతి, వాటి మీద నడుమెత్తున రెండు ఇనప పైపులు పక్కపక్కనే అడ్డంగా అతికించమన్నాడు. వాటిని పట్టుకుని రోజూ మధ్యలో నడవాలట. మా వీధి చివర గేట్లు, బెల్లం పెనాలకి స్టాండ్లు చేసే వెల్డరు ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా మా ఆయన్ని బావా అని, నన్ను అక్కా అని పిలిచేవాడు. అతన్ని పిలిపించాను. కొలతలు తీసుకుంటూంటే మా ఆయన ఎడమ చెయ్యెత్తి పెరట్లోని షెడ్డు చూపించాడు.

అందులో మిగ్ అనే ఒక చిన్న వెల్డింగు మిషను ఉంది. ఆయన గల్ఫ్‌లో ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి, వచ్చేటప్పుడు సరదాకి తెచ్చుకున్నది. రాడ్డుతో చేసే వెల్డింగు కాదు అది. గన్ను మీట నొక్కితే సన్నటి ఇనప వైరు దానంతటదే బయటికొచ్చి కరుగుతుంది. కరిగే చోట గాలి తగలకుండా చుట్టూ గేసు వస్తుంది. అతికించే ఇనుముకి ఎర్తు క్లిప్పు గట్టిగా పట్టిస్తేనే కరెంటు సరిగా పారుతుంది.

వెల్డరు దాన్ని చూసి, "ఈ గేసు మిషను నాకు రాదు బావా. నాకు రాడ్డే వచ్చు" అన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపి నన్ను చూపించాడు.

ఆయన గల్ఫ్ నుంచి వచ్చిన కొత్తలో నాకు దాని మీద కాస్త నేర్పాడు. ఒక కిటికీ ఊచ అతికించాను. అంతే నాకొచ్చిన పని. అయినా సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా సరే అనేదాన్ని.

మంచం షెడ్డుకి ఎదురుగా ఉన్న పెరటి వరండాలోకి లాగించాను. షెడ్డులో ప్లగ్గు చెడిపోయి ఉంటే, వంటింట్లోంచి పొడుగాటి వైరు లాగి మిషనుకి కరెంటు ఇచ్చాను. మిగిలిన వైరు చుట్ట ఆయన మంచం పక్కనే పడి ఉండేది. సోడాల్లో పట్టే గేసే దీనికీ పనికొస్తుంది కాబట్టి, సిలిండరు సోడాలు కొట్టే ఆయన దగ్గర నింపించాను. వెలుగు మా ఆయన కళ్లలో పడకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టి, ముందు తుక్కు ముక్కలు అతికించి తీసుకెళ్లి చూపించేదాన్ని.

మొదటి ముక్కల నిండా చిల్లులే. పెనం మీద అట్టులా ఉంది అతుకు. ఆయన బొటనవేలితో తడిమి పక్కకి తోసేసేవాడు. గేసు అయిపోయిందేమోనని చూశాను, ఉంది. పైపు మీద పెయింటు గోకి మెరిసేదాకా రుద్దాను. చిల్లులు తగ్గాయి కానీ పోలేదు. రెండో రోజు, పొగ పైకి వెళ్లకుండా ఒక పక్కకి కొట్టుకుపోవడం గమనించాను. ఆయన కోసం పెట్టిన స్టాండు ఫ్యాను ఆ గేసుని ఎగరగొడుతోంది. ఫ్యాను ఆపేశాను, చిల్లులు పోయాయి. మే నెల ఎండకి ఆయన చెమటలో తడిసి ముద్దయ్యేవాడు. ఒక అతుకు వేసి, ఒకసారి ఆయన మొహం తుడిచి, మళ్లీ ఇంకో అతుకు వేసేదాన్ని.

పైపులు నాలుగు రోజుల్లో నిలబెట్టాం. వెల్డరు చూసి, పూసలు గుచ్చినట్టు వచ్చిందని మెచ్చుకున్నాడు. మా ఆయనకి మాత్రం ఆ పూసలు నచ్చలేదు. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నేను పట్టించుకోలేదు.

డాక్టరొచ్చి ఆయన్ని మధ్యలో నిలబెట్టాడు. మూడో అడుగుకి ఆయన బరువంతా ఎడమ పైపు మీద పడింది. పైపు స్తంభం నుంచి ఊడిపోయింది. డాక్టరు సగంలో పట్టుకున్నా ఆయన పడనే పడ్డాడు. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి.

ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. నేను ముందు చూసింది అతుకుని. ఆ తర్వాతే ఆయన్ని. అతుకు మొత్తం పుండు మీది పెచ్చులా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. కింద స్తంభం మీద నేను రుద్దిన గీతలు అలాగే ఉన్నాయి. అంటే ఆ ఇనుము కరగనే లేదు. వైరు కరిగి దాని మీద ఊరికే కూర్చుంది.

ఆ సాయంత్రం వెల్డరు, "రాడ్డుతో నేనేసేత్తానక్కా. బావకేటైనా అయితే ఎవలు సూత్తారు?" అన్నాడు. సరే అన్నాను. మంచం మీంచి మా ఆయన ఒక్క మాట అన్నాడు. "వైరు."

నాకర్థమైందనుకున్నాను. వెల్డరుతో ఒక వారం ఆగమన్నాను. గన్నులోంచి వచ్చే వైరు చుట్టకి పైన తుప్పు పట్టి ఉంది. ఆ వరస అంతా తీసి పారేశాను. గన్ను చివర రాగి ముక్క అరిగిపోతే కొత్తది వేశాను. వైరు వచ్చే వేగం తగ్గించాను, పెంచాను. ఒకసారికి ఒకటే మార్చి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ప్రతి ముక్కనీ బిగించి సుత్తితో కొడితే అతుకు దగ్గర టక్కున ఊడేది. తీసుకెళ్లి చూపిస్తే ఆయన మళ్లీ "వైరు" అనేవాడు. వైరే కదా మార్చానని నేను చెప్పేదాన్ని. ఆయన మంచాన్ని చేత్తో చరిచేవాడు. ఒకరోజు ఏడ్చేశాడు. ఆయన ఏడవడం అయ్యేదాకా విరిగిన ముక్కలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఓదార్చాలని తెలుసు. చెయ్యి వెళ్లలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం పని ఆపి, మంచం పక్కనున్న కరెంటు వైరు చుట్ట ఎత్తబోయాను. చెయ్యి చురుక్కుమంది. ఎండలో లేదది, నీడలో ఉంది. దాని పైతొడుగు మెత్తబడిపోయి ఉంది. ప్లగ్గు తీసేసి, ఆ చుట్టని ఆయన ఎడమ చేతికి తాకించాను.

"ఇదేనా?"

ఆయన కళ్లు మూసుకుని, "వైరు" అన్నాడు.

గన్నులో వైరుకీ, కరెంటు వైరుకీ మనం అనేది అదే మాట. ఆయన ఎడమ చెయ్యి మంచం మీంచి వేలాడుతూ ఇన్ని రోజులుగా ఆ చుట్టకి తగులుతూనే ఉంది. వేడి ఆయనకి తెలుస్తూనే ఉంది.

వెల్డరు వచ్చి చూసి, "ఇంత సన్న వైరు, ఇంత పొడుగు. కరెంటు దారిలోనే అయిపోతంది, మిషనుకి ఇంకేటి అందుద్ది?" అన్నాడు. షెడ్డులో ప్లగ్గు బాగుచేసి, మోటార్లకి వాడే లావు వైరు పొట్టిగా కోసి పెట్టాడు. మళ్లీ అతికిస్తే మిషను చప్పుడే మారిపోయింది. ఇదివరకు చిటపటమని ఆగి ఆగి వచ్చేది, ఇప్పుడు ఒకే ధారగా వచ్చింది. సుత్తితో కొడితే ముక్క వంగింది కానీ అతుకు ఊడలేదు. దాన్ని మా ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూసి, తలగడ కింద పెట్టుకున్నాడు.

పాత అతుకులన్నీ కోసేసి మళ్లీ వేశాను. ఈసారి ముందు నేను నా బరువంతా మోపి చూశాను, వెల్డరు ఎక్కి గెంతాడు. ఆ తర్వాతే ఆయన్ని నిలబెట్టాం. ఎడమ చెయ్యి పైపు మీద, కుడి చేతిని డాక్టరు పట్టుకుని, ఆరు అడుగులు వేశాడు. డాక్టరు చప్పట్లు కొట్టాడు. వెల్డరు కళ్లు తుడుచుకున్నాడు. నాకు సంతోషం వస్తుందనుకున్నాను. పైపు చివర అంచు పదునుగా ఉందని, ఆయన అరచేతికి గుచ్చుకుంటుందని మాత్రం తోచింది. ఆకురాయి తెచ్చి రుద్దాను.

ఆ మొద్దుబారినతనం ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. ఒక్కరోజులో పోలేదు. స్కూలు తెరిచాక పనిలో చేరాను. ఆయన ఏడాదికి కర్రతో వీధి చివరిదాకా వెళ్లి, ఆ వెల్డరు దగ్గర కూర్చుని వచ్చేవాడు. మాటలు కూడా ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

ఆ తర్వాత కె. కోటపాడు నుంచి ఒక రైతు వచ్చాడు. వాళ్లమ్మకీ ఇలాగే అయిందట, డాక్టరు మా ఇల్లు చెప్పాడట. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆవిడ కోసం పైపులు అతికించడం మొదలుపెట్టాను. మా ఆయన రేకు అవతల కుర్చీలో కూర్చున్నాడు. నేను వెల్డింగు హెల్మెట్ మొహం మీదకి దించుకోబోతూంటే, ఒక్కో మాటా కూడదీసుకుని, "ఎర్తు క్లిప్పు... గట్టిగా పెట్టేవా?" అన్నాడు.

జబ్బు చేశాక ఆయన నోట పూర్తి వాక్యం వినడం అదే మొదలు.

"పెట్టేనండి" అని, మీట నొక్కాను.