నీటి చక్రంలో నెత్తళ్లు

సృజనాత్మకత అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మా బి.ఎడ్. కాలేజీ మార్కుల కాగితంలో దానికో గడి ఉండేది. ఆ గడికి ఐదు మార్కులు. పక్కనే సాంకేతికత అని ఇంకో గడి, దానికీ ఐదే. ఆఖరి పాఠం రోజున బయటి ఊరి నుంచి ఒక పరీక్షకుడు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, మనలో ఈ రెండూ ఏ మేరకు ఉన్నాయో చూసి గడులు నింపుతాడు. అంతకుముందు చెప్పిన పాఠాల్లో నాకు అంతంత మాత్రం మార్కులే వచ్చాయి. ఈ ఒక్కటీ పోయిందంటే వచ్చే ఏడు జూనియర్ల పక్కన కూర్చుని మళ్లీ మొదలుపెట్టాలి.

సాంకేతికత గురించి మాకు చెప్పిన సారు ఏడాది పొడుగునా ప్రొజెక్టరు భాగాలు డిక్టేట్ చేశారు. ప్రొజెక్టరు మాత్రం అద్దాల బీరువాలో ఉండేది. దసరాకి బయటికి తీసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ లోపల పెట్టి తాళం వేసేవారు. దాని వెలుగు ఎలా ఉంటుందో మా బ్యాచ్‌లో ఎవరూ చూడలేదు.

అందుకని మావాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకమ్మాయి దగ్గర వాళ్లన్నయ్య వాడి పారేసిన ల్యాప్‌టాప్ ఉండేది. అది ఆన్ కాదు. అయినా ఆఖరి పాఠాల రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో దానంత తీరిక లేని ప్రాణి ఇంకోటి లేదు. ఒక గదిలో పాఠం కాగానే కిటికీలోంచి పక్క గదికి అందించేవారు. తెర తమ వైపు తిప్పుకుని, మధ్యమధ్యలో ఒక మీట నొక్కి, ఏదో కనబడినట్టు తలాడించి, వెళ్లి సుద్దముక్కతో బోర్డు మీద రాసుకునేవారు. సాంకేతికత గడిలో నాలుగు మార్కులు ఖాయం.

నేనూ బుద్ధిగా ఆ వరసలో నిలబడి ఉంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటేనా! మధ్యాహ్నం అందరం క్యారియర్లు విప్పుకున్నప్పుడు, "సచ్చిపోయిన కంప్యూటర్ని ఏటే, ఈ ఊరేగించడం?" అనేశాను. ల్యాప్‌టాప్ గల పిల్ల నా పక్కనే పెరుగన్నం కలుపుకుంటోంది. ఆ పూటే నన్ను వరసలోంచి తప్పించారు.

ఇక నా సాంకేతికత నేనే వెతుక్కోవాలి. అప్పుడు తట్టాడు మా మావ. మా అమ్మకి తమ్ముడు. కళింగపట్నంలో మా పక్కిల్లే. మోపెడ్ వెనక గంపలు కట్టుకుని ఊరూరా ఎండుచేపలు అమ్మేవాడు. ఆయన హ్యాండిల్‌కి ఒక చిన్న మైకు వేలాడుతుండేది. దాంట్లో ఒకసారి మాట్లాడి మీట నొక్కితే, ఆపేదాకా ఆ మాటలే మళ్లీ మళ్లీ చెబుతుంది. కొత్త మాటలు పెడితే పాతవి చెరిగిపోతాయి.

"మావా, నీ మైకు రేపొక్క పూట ఇయ్యవా?"

"ఏటే, నువ్వూ సేపలమ్ముతావా?"

"పాఠం సెప్తాను."

"ఇంత గొంతెట్టుకుని నీకు మైకెందుకే?" అన్నాడు కానీ ఇచ్చాడు. "రేపు నా గొంతుతో నేనే అరుసుకుంటాన్లే" అని కూడా అన్నాడు.

నా పాఠం ఏడో తరగతికి నీటి చక్రం. సాయంత్రం బీచికి పోయి అలల చప్పుడు రికార్డు చేశాను. ఇంటికొచ్చి, మా అమ్మ చేత పాత రేకు ఊపించి ఉరుము తెప్పించాను. స్టీలు పళ్లెంలో బియ్యం జారవిడిచి వాన కురిపించాను. ఆఖర్న నా గొంతు, టీవీలో వార్తలు చదివే ఆవిడ లెవెల్లో: "పిల్లలూ! సముద్రంలోని నీరు ఎండకు ఏమవుతుంది?" మా అమ్మ రేకు కింద పెట్టి, "ఇదేటే, సదువంటే ఇలగుంటాదా?" అని అడిగింది. దీన్నే సృజనాత్మకత అంటారని చెప్పాను. ఆమె బియ్యం ఏరుకుంటూ లోపలికి వెళ్లింది.

మర్నాడు ఏం జరిగిందో మావ నాకు చాలా రోజుల తర్వాత చెప్పాడు. తెల్లవారే సరికి ఆయన చెయ్యి అలవాటు కొద్దీ మా అరుగు మీదున్న మైకు మీద పడింది. మోపెడ్‌కి తగిలించుకుని పక్క ఊరు వెళ్లాడు. వీధి మొదట్లో మీట నొక్కగానే అలలు, ఉరుము, వాన. మబ్బు లేకుండా ఉరుమేమిటని జనం బయటికొచ్చారట. ఇంతలో నా ప్రశ్న.

"ఏటవుతాది, ఇగిరిపోతాది. నెత్తళ్లున్నాయా?" అందిట ఒక ముసలమ్మ.

మైకు మళ్లీ అదే అడిగింది. ముసలమ్మ మళ్లీ చెప్పింది. ఇంకోసారి అడిగేసరికి, "ఎన్నిసార్లు సెప్పాల్రా నీకు!" అని మావ మీదికి చీపురు ఎత్తిందిట. ఆయన బెదిరిపోయి అక్కడికక్కడే మైకులో తన పాత కేక మళ్లీ రికార్డు చేసేశాడు. చేశాక గాని నా పాఠం గుర్తుకు రాలేదు. గబగబా ఇంటికొచ్చి, నేను తల దువ్వుకుంటుండగా మైకుని నా సంచీలో పెట్టి, మాట్లాడకుండా జారుకున్నాడు. చెబితే తిడతానని భయం. అది నిజమే, తిట్టేదాన్ని.

నేను పాఠం చెప్పాల్సిన హైస్కూలు మా ఊరికి దగ్గర్లోనే. పరీక్షకుడు సఫారీ సూటులో బిర్రబిగుసుకుని వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన నవ్వగా ఏ జిల్లాలోనూ చూసినవాళ్లు లేరని మా కాలేజీలో చెప్పుకునేవారు. నేను గొంతు సవరించుకుని, "పిల్లలూ, కళ్లు మూసుకోండి. మీకు ఒక శబ్దం వినిపిస్తాను. మీరెక్కడున్నారో ఊహించుకోండి" అన్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు. మీట నొక్కాను.

"ఎండు సేపలమ్మా! నెత్తళ్లు, కవళ్లు, ఎండు రొయ్యలు! ఇసకుండదమ్మా, రండమ్మా రండి!"

కిటికీ పక్కవాడు కళ్లు మూసుకునే లేచి, "అమ్మా, సేపలోడొచ్చేడు!" అని కేక పెట్టాడు. మిగతావాళ్లు బల్లల మీద పడి నవ్వడం మొదలుపెట్టారు. నేను కంగారులో అన్ని మీటలూ నొక్కేసరికి ఆగాల్సింది పోయి ఇంకా గట్టిగా మోగింది. చీర కొంగులో చుట్టాను. లాభం లేదు. చివరికి కుర్చీలో పెట్టి దాని మీద కూర్చున్నాను. ముఖం గంభీరంగానే పెట్టాను, కానీ నా కింద నుంచి మావ "రండమ్మా రండి" అంటూనే ఉన్నాడు. ముందు బెంచీ పిల్ల ఒకతి జాలిపడి వచ్చి, నన్ను లేపి, బ్యాటరీలు ఊడబీకింది.

ముందురోజు పిల్లలకి ప్రశ్నలూ జవాబులూ పంచి బట్టీ పట్టించాను. అందరు ట్రైనీలూ చేసేదే అది. ఆ గోలలో ఒక్కడికీ ఒక్క ముక్కా గుర్తులేదు. నాకూ లేదు. నోటికి దొరికిందల్లా చేపలే.

"సరే, పచ్చి చేప ఎండు చేప ఎలా అయింది?"

"ఎండలో ఏస్తే!"

"మరి దాంట్లో నీళ్లేమయ్యాయి?"

"పైకెల్లిపోతాయి మేడమ్!"

"పైకెళ్లి?"

"మబ్బవుతాయి! మల్లీ వానై సేపల మీదే పడతాయి. అప్పుడు మా అమ్మ వాటి మీద కప్పడానికి పట్టా అట్టుకుని పరిగెడతాది!"

బోర్డు మీద చేప, సూర్యుడు, మబ్బు, పట్టా పట్టుకుని పరిగెత్తే అమ్మ, అన్నీ వేశాను. అమ్మకి నాలుగు చేతులొచ్చాయి, అది వేరే సంగతి. ఇక గట్టెక్కాననుకుంటుంటే, బ్యాటరీలు తీసిన పిల్ల లేచింది.

"మేడమ్, సేపల్లో నీళ్లే మబ్బయితే వానకి సేపల వాసన రాదేటి?"

అది నేను పంచిన ప్రశ్న కాదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ ప్రశ్న లేదు. పరీక్షకుడు తలెత్తారు.

"ఈ ప్రశ్న నిన్న మీరు నేర్పించిందేనా అమ్మా?"

అవునంటే చాలు, ప్రణాళిక బాగుందని మార్కులు పడతాయి. కాదంటే నేను జవాబు రాని టీచర్ని. ఏడాది చదువు ఆ ఒక్క మాట మీద ఉంది. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. అంత మంచి ప్రశ్న దాని చేతిలోంచి ఎలా లాక్కోను? నాకు దాని మీద ఈర్ష్య, ప్రేమ రెండూ కలిగాయి.

"లేదండీ. ఆ అమ్మాయి సొంతంగా అడిగింది. జవాబు నాకు తెలీదు."

పరీక్షకుడు పెన్నుకి మూత పెట్టారు. "నాకూ రూఢిగా తెలీదు. టైముంది కదా, కానివ్వండి" అన్నారు. ఇక క్లాసు క్లాసులా లేదు. వాసన బరువెక్కువ, పైకి ఎక్కలేదని ఒకడు. దారిలో కాకులు తినేస్తాయని ఇంకొకడు. "వాసనెక్కడికీ పోదండి, మా ఇంటికొచ్చి సూడండి!" అని మూడోవాడు. ఆయన నవ్వారు, నేను చూశాను. కాలేజీలో చెబితే ఎవరూ నమ్మలేదు.

సాంకేతికత గడిలో సున్నా పడింది. సృజనాత్మకత గడిలో ఐదు. నేను గట్టెక్కాను. ఆ ఐదూ ఆ పిల్లవని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. వరండాలో ఆ పిల్ల నన్ను పట్టుకుని, "రేపొచ్చి సెప్తారా మేడమ్?" అంది. ఆ బడిలో నా శిక్షణ ఆ పూటతో సరి. అయినా వస్తానన్నాను.

కాలేజీలో కెమిస్ట్రీ సారు బుర్ర తినేసి, మర్నాడు మధ్యాహ్న భోజనాల వేళకి వెళ్లాను. వెనక బెంచీలో ఎవరూ లేరు. ఆ పిల్ల చెయ్యి కడుక్కుని, గౌనుకి తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. నీరొక్కటే ఆవిరై పైకి పోతుందని, ఉప్పు చేపని పట్టుకునే ఉండిపోతుందని, వాసన గాలిలో కలిసినా గాలి దాన్ని నలుమూలలకీ చెదరగొట్టి పలచన చేసేస్తుందని చెప్పాను. ఎంతో శ్రద్ధగా విన్నది.

"ఇంతేనా? మరి నిన్ననే సెప్పొచ్చు కదా మేడమ్?"

"నిన్న నాకు తెలీదే."

"ఓహో" అంది, చాలా మామూలుగా. "అయితే ఇంకోటి అడగనా?" అని నా పక్కకి జరిగి కూర్చుంది.