మీ పాస్‌వర్డ్ రాయుము: రెండు మార్కులు

నంద్యాలలో ఆర్నెల్ల కోర్సు చేసిన పుణ్యానికి ఆళ్లగడ్డలోని ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాల నన్ను కంప్యూటర్ సార్‌ను చేసింది. రోజూ పొద్దున్నే నంద్యాలలో అహోబిలం బస్సెక్కి, శిరివెళ్ల దాకా నిలబడి, అక్కడ సీటు దొరికితే కూర్చుని పోయేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. మా బడిలో నాలుగు కంప్యూటర్లు ఉండేవి. వాటిలో ఒకదానికి ఫోను తీగతో నెట్ కూడా ఉండేది. నెట్ పనిచేస్తుంటే కరస్పాండెంట్ గారి ఫోను మోగదు కాబట్టి నెట్ ఎప్పుడూ పనిచేసేది కాదు.

అయినా నెట్‌లో ఎలా జాగ్రత్తగా ఉండాలో నేర్పాలని నాకు మహా ఉబలాటం. నాలుగో తరగతి పిల్లలు గీసిన బొమ్మలు దాచుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా తెరిచి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లనే పెట్టుకోమన్నాను. దాన్ని స్నేహితులకు చెప్పకూడదు, ఎంత పెద్దవాళ్లు అడిగినా చెప్పకూడదు, చివరికి నేనడిగినా చెప్పకూడదు అన్నాను. పిల్లలంతా ఎక్కాలు అప్పజెప్పినట్టు “నేనడిగినా చెప్పకూడదు” అని ఒక్క గొంతుతో అరిచారు.

వారం తర్వాత కరస్పాండెంట్ నోట్సులు తెప్పించుకుని చూశాడు.

“ఏమప్పా సారూ, పాస్‌వర్డు నేర్పిస్తాండానంటివి. నోట్సులో యాడుండాది? రేపు వాళ్ల నాయనలొచ్చి అడిగితే నేనేం చూపియ్యల్ల?”

“అది రహస్యంగా ఉండాలి సార్.”

“రహస్యమైతే ఇంకా నీటుగా రాపియ్యి.”

ఆ బడిలో ఏం నేర్పినా నోట్సులో ఉండాలి, ఎర్రసిరాతో దిద్ది ఉండాలి, కింద తండ్రి సంతకం ఉండాలి. నోట్సులో లేనిది నేర్పనట్టే లెక్క. అలా నలభైమంది పాస్‌వర్డులూ గుండ్రటి అక్షరాలతో నోట్సుల్లోకి ఎక్కాయి. నేను ఒక్కోదానికీ టిక్కు పెట్టాను. ఒక అమ్మాయి మాత్రం ఆ గీత ఖాళీగా వదిలేసింది. బస్టాండు ఎదురుగా బీగాలు, తాళంచెవులు బాగుచేసే ఆయన కూతురు, క్లాసులో ఎప్పుడూ మొదటి ర్యాంకు. నేను చూడనట్టు అక్కడ కూడా టిక్కు పెట్టేశాను. ఆ పిల్ల పుస్తకం తీసుకుని, నా మొహం చూసి నవ్వింది.

తర్వాత యూనిట్ టెస్టు వచ్చింది. ప్రశ్నపత్రం కరస్పాండెంటే స్వయంగా తయారుచేశాడు. ఒకటో ప్రశ్న, పాస్‌వర్డ్ అనగానేమి? రెండో ప్రశ్న, దానిని ఎందుకు రహస్యంగా ఉంచవలెను? మూడో ప్రశ్న, మీ పాస్‌వర్డ్ రాయుము. ముందురోజే చూశాను. ఇదేం ప్రశ్న అని అడగాలనుకున్నాను. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా కాలేదు, నోరు మూసుకున్నాను.

పేపర్లు దిద్దుతుంటే మధ్య బెంచీలో అయిదుగురికీ ఒకటే పాస్‌వర్డ్ వచ్చింది. చివరనున్న వాడి పేపరు చూసి మిగిలిన నలుగురూ దించేశారు. కాపీ కొట్టారని తెలుసు, కానీ నోట్సులో రాసింది మార్చేశాం సార్ అంటే తప్పని నిరూపించేదెలా? అందరికీ రెండేసి వేశాను. బీగాలాయన కూతురు మాత్రం మొదటి రెండు జవాబులూ చక్కగా రాసి, మూడోదాని కింద “చెప్పకూడదు” అని రాసింది. ఆ పిల్లకూ రెండు వేశాను. కరస్పాండెంట్ దాన్ని కొట్టేసి సున్నా చుట్టాడు.

“అడిగిందానికి జవాబు రాయకుంటే మార్కులెట్లా వేస్తావప్పా?”

ఆ రెండు మార్కులతో మొదటి ర్యాంకు మధ్య బెంచీకి పోయింది.

ప్రోగ్రెస్ కార్డులిచ్చిన మరుసటి రోజే కార్డు పట్టుకుని ఆ పిల్ల తండ్రి కరస్పాండెంట్ గదికి వచ్చాడు. కూతురు ఆయన చేయి పట్టుకుని నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

“సార్, నేను బీగం బాగుచేసినాక బీగంచెవి ఇంటాయన చేతికే ఇస్తా. పక్కింటాయన అడిగినా ఇయ్యను, ఎంత పెద్ద మనిషి అడిగినా ఇయ్యను. నా బిడ్డ అంతే కదా చేసింది? దీంట్లో తప్పేముండాది?” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఎవరడిగినా చెప్పొద్దని మీరే అన్నారంట. అవునా కాదా, ఆ మాటొక్కటి చెప్పండి చాలు.”

కరస్పాండెంట్ కూడా నన్నే చూస్తున్నాడు. అవును అంటే చాలు, ఆ రెండు మార్కులూ తిరిగొచ్చేవేమో. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ ఉంది.

“అన్నాను. కానీ పరీక్షలో వేరు కదన్నా” అన్నాను.

ఏం వేరో ఆయన అడగలేదు. కార్డు మీద సంతకం పెట్టి, “పా బేటీ” అని కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అందరి పాస్‌వర్డులూ అందరికీ తెలిసిపోయాయి కాబట్టి సోమవారం మళ్లీ కొత్తవి పెట్టించాను. పక్కవాళ్లకు కనపడకుండా ఎడమచేయి అడ్డం పెట్టుకుని టైపు చేయడం ఆ పిల్లకు మొదటినుంచీ అలవాటు. అంతకుముందు నేను వెనక నిలబడితే ఆ చేయి తీసేసేది. ఆ రోజు తీయలేదు. నేనింకా అక్కడే ఉన్నానని వెనక్కి తిరిగి చూసింది.

“మీరు గూడా అటు తిరగండి సార్” అంది.

తిరిగాను.