రజియా ఆపా చూసిన నూలుపోగులు

నిన్న మా వీధిలో కొత్తగా కడుతున్న ఇంట్లో నేలబండలు అరగదీస్తున్నారు. కిటికీలోంచి తడి సున్నపురాయి వాసన వచ్చింది. బట్టలు మడతపెడుతున్నదాన్ని అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. నాకది రజియా ఆపా వాసన. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటింది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. ఆడపిల్లల బడిలో కొత్తగా పంతులమ్మగా చేరి, అమ్మతో పాటు పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఒక మేడగదిలో అద్దెకుండేదాన్ని. కింది వాటాలో కరీం చాచా, ఆయన కూతురు రజియా ఉండేవారు. రజియాను అక్కా అన్నట్టు ఆపా అనేదాన్ని. నగల రాళ్లకు సానపట్టడంలో చాచాకు మంచి పేరుంది. ఆ పేరు విని భూగర్భశాస్త్ర శాఖలో పనిచేసే ఒక అధికారి ఆయనకు సున్నపురాతి ముక్కలు పంపేవాడు. ముక్కను గాజుపలకకు అంటించి, వెలుతురు అవతలికి కనిపించేంత పలచగా అరగదీయాలి. ఎంత పలచనైందో చూసుకోవడానికి ఆ అధికారే ఒక పాత సూక్ష్మదర్శినిని కూడా ఇచ్చాడు.

ఆ ముక్కల మీది ఇంగ్లీషు చీటీలు చదివిపెట్టమని ఆపా నన్ను పిలిచింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే అసలు సంగతి తెలిసింది. చాచా చేతులు వణుకుతున్నాయి. రెండేళ్లుగా పని చేస్తున్నది ఆపా. తడి పలక మీద గరుకుపొడి చల్లి, రెండు వేళ్లతో రాతిని గుండ్రంగా తిప్పేది. మధ్యమధ్య వేలికొనతో తడిమి, "ఇంకో వెంట్రుకంత" అని తనలో తాను అనుకునేది.

ఒకరోజు నేను బడి నుంచి రాగానే ఆపా పిలిచింది. "పంతులమ్మా, జర ఇటు రా. గిండ్ల చూడు."

సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి చూశాను. చేపగుడ్ల లాంటి గుండ్రటి గింజలు, ఒక్కో గింజలో ఉల్లిగడ్డలో లాగా పొరలు. ఆ పొరల్లో అక్కడక్కడ నూలుపోగుల్లాంటి సన్నటి నల్లగీతలు.

"మురికేమో ఆపా" అన్నాను.

"మురికైతే పగుళ్లల్ల ఉంటది. ఇవి పొరలను దాటుకుంట పోతున్నయి. గీండ్ల ఏదో బతికింది."

తాను చూసినవన్నీ పెన్సిలుతో కాగితం మీద దించింది. ఆమె చెబుతుంటే నేను అధికారికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. కింద చాచా పేరు పెట్టమంది. పెట్టాను.

మూడో వారం ఆ అధికారే స్వయంగా వచ్చాడు. చాచా పక్కన చాప మీద కూర్చున్నాడు. పర్దా వెనక ఆపా, ఆమె పక్కన నేను.

"చాచా, ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగు" అన్నాడు. "గింజ అలలకు దొర్లుతుంటే దానికి సున్నం పొర మీద పొర పట్టింది. అప్పటి నీళ్లల్ల ఏమేం కరిగి ఉన్నయో ఆ పొరల్ల కొంత మిగిలింది. ఈ పోగులు కంటికి కనపడని జీవాలు బతికిన గుర్తులు కావచ్చు. అప్పట్ల చెట్టు లేదు, చేప గూడ లేదు. నేను ఇన్నేండ్లు చూసి గూడ పట్టుకోలేదు. మీ చేతులకు సలాం."

చాచా తన చేతులను శాలువా కిందికి లాక్కున్నాడు. చాలా సేపటికి నవ్వాడు.

ఆయన వెళ్లాక నేను ఆపా మీద విరుచుకుపడ్డాను. ఆ పని నీదని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చేతులు వణుకుడు షురువైనప్పుడు అబ్బా మూన్నెళ్లు ఎవ్వరితోని మాట్లాడలే. ఇయ్యాల నవ్విండు, నువ్వు చూసినవ్ గదా" అంది. పలక తుడుస్తూ, "గాని ఒక్కటి అడగాలనుండె. ఆ నీళ్లు గూడ ఇప్పటి సముద్రం లెక్కనే ఉప్పగ ఉండెనా అని" అంది.

ఆ ప్రశ్న నేనైనా మరో ఉత్తరంలో రాయవలసింది. బడిలో పరీక్షలు వచ్చాయి, అమ్మకు జ్వరం వచ్చింది. రాయలేదు.

ఆ వానాకాలం ఆపాకు దగ్గు పట్టుకుంది. డాక్టరు క్షయ అన్నాడు. రాతిపొడి వల్లనే అన్నారు గల్లీవాళ్లు. దగ్గు ఆగినప్పుడల్లా లేచి పలక ముందు కూర్చునేది. చలి మొదలయ్యేసరికి పోయింది. ఆమె చేతిలోని చివరి ముక్క ఒక పక్క పలచగా, ఒక పక్క మందంగా మిగిలిపోయింది.

కొత్త రాళ్లతో అధికారి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. చాచా ఆ రాళ్ల సంచీ ముట్టుకోలేదు.

"ఆ చేతులు పోయినయ్ సాబ్" అన్నాడు.

అధికారి వణుకుతున్న ఆ ముసలి చేతుల వంక చూసి, వయసు గురించి ఓదార్పుగా ఏదో అన్నాడు. చాచా నోరు తెరిచాడు. తాను అన్నది కూతురి చేతుల గురించని చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేదు.

రెండేళ్లకు ఆ అధికారి రాసిన వ్యాసం అచ్చయి, ఒక ప్రతి టపాలో వచ్చింది. అప్పటికి చాచాకు చూపు పూర్తిగా పోయింది. "చదువు బిడ్డా, మన మాట ఏమన్న ఉన్నదా?" అన్నాడు. చివరి పుటలో ఒక వాక్యం ఉంది. గింజల్లోని పోగులను మొదట గుర్తించిన పనివాడు కరీంకు కృతజ్ఞతలు అని.

నేను ఆయన పేరు చదవలేదు. "కరీం గారి కూతురు రజియా బేగంకు" అని చదివాను.

ఆయన నా వైపు జరిగాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను.

"సాబ్‌కు ఎట్ల తెల్సె?"

"తెలుసుకున్నడు చాచా."

"ఏడ ఉన్నదో చూపియ్యి" అన్నాడు. ఆయన చూపుడువేలు పట్టుకుని ఆ వాక్యం మీద పెట్టాను. తన పేరు మీద తన వేలు ఉంచుకుని, కూతురు పేరు అనుకుని, ఆ ముసలాయన గట్టిగా ఏడ్చాడు.

చాచా ఆ నమ్మకంతోనే పోయాడు. అధికారి ఎక్కడికో బదిలీ అయ్యాడు. ఆయనకు నిజం రాద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను. రాస్తే చాచాకు నేను చెప్పింది అబద్ధమని నా చేతులతోనే ఒప్పుకున్నట్టవుతుందని ఆగిపోయేదాన్ని. ఆ వ్యాసం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. రజియా పేరు అందులో లేదు. నేను పైకి చదివిన ఆ రెండుసార్లు తప్ప ఆ పేరు ఎక్కడా లేదు.